ఉల్లిగడ్డలకు పోయిన సైలెన్సర్

మూడో రోజు కూడా పళ్లెంలోకి ఉల్లిగడ్డ కూరే వచ్చింది.

మొదటి రోజు ఉల్లిగడ్డ పులుసు. రెండో రోజు ఉల్లిగడ్డ తొక్కు, నంజుకోవడానికి మళ్లీ ఉల్లిగడ్డ ముక్కలే. ఇవాళ వాటిని నిలువుగా చీల్చి, మసాలా కూరి, గుత్తి వంకాయకు చేసే మర్యాదంతా చేసింది రషీదా బేగం. జొన్నరొట్టె పక్కన పెట్టి, నీళ్ల చెంబును కాస్త గట్టిగానే దించి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్తర్ పళ్లెం వైపు చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు.

"సనా, ఇంకెన్ని ఉన్నయో మీ అమ్మీని అడుగు."

సనా డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. ఈ మూడు రోజులుగా పుస్తకం పక్కన పెట్టి అమ్మానాన్నల మధ్య టపా మోస్తోంది. నోట్లో రొట్టె ముక్క ఉండగానే వంటింటి వైపు తిరిగింది.

"అమ్మీ! ఉల్లిగడ్డలు ఇంకెన్ని ఉన్నయని అడుగుతున్నరు అబ్బా!"

"సైలెన్సర్ ఎంత బరువుండెనో అన్ని ఉన్నయని చెప్పు!"

ఆ ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ; నాన్నను అబ్బా, అమ్మను అమ్మీ అంటుంది సనా. తెలుగు బజారుకి, గిరాకీలకి. కోపం వస్తే మాత్రం రషీదా బేగం ఇంట్లో కూడా తెలుగులోకి దిగుతుంది. దక్కనీలో మొగుణ్ని 'ఆప్' అనాలి, తెలుగులోనైతే 'నువ్వు' అనొచ్చు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ వెసులుబాటును ఆమె వాడుకున్నది కొద్దిసార్లే. ఈ మూడు రోజుల్లో మాత్రం ఆమె అక్తర్‌కు వినిపించేలా దక్కనీ ముక్క ఒక్కటి పలకలేదు.

"రేపు పొద్దున జగపతన్న వస్తడు," అన్నాడు అక్తర్, కూతురితో అన్నట్టుగా, ఇల్లంతా వినబడేలా. "పాత సైలెన్సర్ ఏదయ్యా అంటే ఏం జెప్పాలె? మా ఇంట్ల కూర వండుకున్నమని చెప్పాల్నా?"

రషీదా బేగం గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"నేను అడిగే ఇచ్చిన."

"అడగలే."

"అడిగిన! గీ గడప కాడనే నిలవడి, 'గోడకున్నది ఇచ్చెయ్యాల్నా' అని అడిగిన. నువ్వు 'ఆఁ' అన్నవు."

"నేనెందుకు ఆఁ అంట? నాకేమన్న పిచ్చా? మంది బండి సామాను ఉల్లిగడ్డలకు ఇయ్యమని ఎవడన్న అంటడా?"

"అన్నవు!"

"అనలే!"

సనా కళ్లు మూసుకుని రొట్టె నమిలింది. ఈ రెండు మాటలూ మంగళవారం నుంచి ఆ ఇంట్లో గోడ గడియారం కంటే క్రమం తప్పకుండా కొట్టుకుంటున్నాయి.

జరిగింది ఇదీ. జనగామలో, హన్మకొండ రోడ్డు మీద, ఇంటి ముందే అక్తర్ షెడ్డు. సైలెన్సర్ల పనిలో అతని పేరు మూడు జిల్లాలకు తెలుసు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బల్ల మీద పెట్టిన పాత సామాను గిరాకీది, గోడకు ఆనించింది ఇంటిది. ఇంటిది రషీదా బేగం చేతికి వెళుతుంది. మైకులో 'పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు' అంటూ ట్రాలీ ఆటో వచ్చినప్పుడల్లా ఆమె గోడ వైపు చూస్తుంది. సోమవారం బల్ల మీద జాగా లేక, జగపతి కారు నుంచి విప్పిన సైలెన్సర్ను అక్తర్ తన చేత్తోనే గోడకు ఆనించాడు. మంగళవారం ఆటో వచ్చింది. అది ఉల్లిగడ్డలైపోయింది.

వస్తువు పోయినందుకు రషీదా బేగంకు బాధే. కానీ ఆమె కోపం అందుకు కాదు. మంగళవారం ఇద్దరు గిరాకీలు చూస్తుండగా అక్తర్ ఆమెను, "అబద్ధమెందుకు ఆడుతున్నవు?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆమెను చాలా అన్నాడు. కూరలో ఉప్పెక్కువైందన్నాడు, పుట్టింటి పెళ్లిళ్లకు హద్దు లేదన్నాడు. అబద్ధమాడతావని మాత్రం ఎప్పుడూ అనలేదు.

అయినా ఆ సాయంత్రమే ఆమె మెత్తబడింది. షెడ్డులో వెనక నిలబడి, దక్కనీలో, "చాయ్ తాగుతారా?" అని అడిగింది. అక్తర్ వెనక్కి తిరగలేదు. మళ్లీ అడిగింది. తిరగలేదు. కప్పు అక్కడే పెట్టి వచ్చేసింది. గంట తర్వాత చూస్తే చాయ్ మీద మీగడ కట్టి ఉంది. అప్పుడు మొదలైంది ఈ ఉల్లిగడ్డల సత్యాగ్రహం.

"అబ్బా," అంది సనా చెయ్యి కడుక్కుంటూ. "జనగామల ఉన్న పాతసామాన్ల దుకాణాలన్ని తిరిగిన్రు. ఎవరో చెప్తే తరిగొప్పుల దాక పోయొచ్చిన్రు. ఆ ఆటో ఆయన ఊరు అమ్మీకి తెలుసు కదా?"

అక్తర్ చేతిలో రొట్టె ఆగిపోయింది.

"తెలుసా?"

"పెద్దవంగర," అంది రషీదా బేగం గుమ్మంలోంచి కదలకుండా. "పేరు తిరుపతి. పెండ్లాం పేరు మంజుల. దానికి ఇప్పుడు ఏడో నెల."

"మరి మూడు దినాల సంది ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

అక్తర్ షెడ్డు వైపు చూశాడు. రేకుల కింద, చుట్టూ ఉన్న నల్లటి సామాన్ల మధ్య, పసుపు రంగు కారు కూర్చుని ఉంది. రెండే తలుపులు, రెండే సీట్లు. నేలను రాసుకుంటూ పోయేంత పొట్టిది.

దాని యజమాని జగపతిది భూపాలపల్లి. బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు మిషన్ పట్టి రిటైరైన మనిషి. పిల్లల పెళ్లిళ్లయ్యాయి, ఇల్లయింది. ఆఖర్న, పాతికేళ్ల వయసులో కోరుకున్న కోరికను అరవై ఒకటో ఏట తీర్చుకున్నాడు. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన ఈ కారును తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక ఒక సంగతి తెలిసింది. కారు చప్పుడు అతనికి వినబడటం లేదు.

పది రోజుల కింద ఇదే గుమ్మంలో కూర్చుని, రషీదా బేగం ఇచ్చిన చాయ్ తాగుతూ చెప్పాడు.

"సన్నటి సప్పుడు నా చెవులకు పడదు, చెల్లె. పిట్టలు లేవు, ఫోను గంట లేదు, మా మనోరమ మెల్లగ అనే మాట లేదు. లావు సప్పుడైతే పడ్తది. బతుకంత ఆశపడి కొనుక్కున్న. నా బండి నాకే ఇనవడకుంటె ఎట్ల? లొల్లి వద్దు, ఊరు లేవద్దు. నా గుండెకాయకు తగిలేటట్టు చెయ్యి, అక్తర్ భాయ్."

"మరి మనోరమక్క ఏమన్న అంటె ఎట్ల తెలుస్తది, అన్నా?" అని అడిగింది రషీదా బేగం.

"ఏం లేదు చెల్లె. అన్నిటికి 'ఆఁ' అంట. సగం లొల్లి ఆడ్నే ఖతం."

అందరూ నవ్వారు. అక్తర్ అందరి ముఖాలూ చూసి, అందరికంటే ఆఖర్న నవ్వాడు.

జగపతి భార్య మనోరమ పెట్టిన షరతు ఒక్కటే. కొత్త చప్పుడు తన తలకు పడకపోతే పాత సైలెన్సర్ మళ్లీ బిగించాలి. అందుకని పాతది భద్రంగా వెనక్కి రావాలి. అక్తర్ మాటిచ్చాడు. ఆ మాట ఇప్పుడు పెద్దవంగరలో ఉంది.

"నువ్వు చెప్పు, నేను పోయొస్త," అన్నాడు అక్తర్.

"నువ్వు పోతె తిరుపతి ఇయ్యడు. నా మొఖం చూస్తెనే ఇస్తడు."

"ఎందుకియ్యడు?"

"నువ్వు ఆన్ని గూడ అబద్ధమాడుతున్నవంటవు గద."

సనా నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది.

కొత్త సైలెన్సర్ బిగించడం నిన్ననే అయింది. చిల్లుల గొట్టం చుట్టూ గిన్నెలు తోమే స్టీల్ పీచు చుట్టి, దాని మీద గాజు ఊలు కప్పి, పైన డబ్బా మూసి వెల్డింగ్ చేశాడు. డబ్బా పొడుగు పెంచితే చప్పుడు లావవుతుంది. పీచు చుట్టు సరిగ్గా పడితే మెత్తబడుతుంది. అక్తర్ చెయ్యి తెలిసిన పని అది. కానీ ఒక యాభై కిలోమీటర్లు పరుగెత్తి, లోపలి పీచు వేడెక్కి కుదురుకుంటేనే అసలు గొంతు బయటపడుతుంది. ఎలాగూ రోడ్డు మీదికి తీయాల్సిన బండి. పెద్దవంగరకు దాంట్లోనే బయల్దేరారు.

రషీదా బేగం కారెక్కడం చూడటానికి పక్క దుకాణాల వాళ్లు కూడా బయటికి వచ్చారు. బురఖా ఎత్తి పట్టుకుని ముందు కాలు పెట్టింది, కుదరలేదు. వీపు తిప్పి వెనక్కి వాలింది. ఎత్తు తెలియని పీట మీద పడ్డట్టు దభీమని కూర్చుని కాళ్లు లోపలికి లాక్కుంది. ఒళ్లో మిగిలిన ఉల్లిగడ్డల సంచి పెట్టుకుంది.

"గవి ఎందుకు?" అన్నాడు అక్తర్.

ఆమె సంచి మూతి ముడేసింది. వస్తువు వెనక్కి అడిగేటప్పుడు ఉట్టి చేతులతో వెళ్లకూడదని ఆమె లెక్క.

బండి కదిలింది. అందరి గుండెల్లో ఒకసారి ఏదో దొర్లినట్టయింది. పక్క దుకాణం గోపి, "వారెవా, ఉస్తాద్!" అని చప్పట్లు కొట్టాడు.

చప్పుడు నిజంగానే బాగుంది. ఊరందరినీ లేపే చప్పుడు కాదు. కింద ఎక్కడో పెద్ద డప్పును దుప్పటి కప్పి కొడుతున్నట్టు ఉంది. సీటులోంచి వీపులోకి, వీపులోంచి ఛాతీలోకి ఎక్కుతోంది. రషీదా బేగంకు తన మొగుడి పని అంటే ఇష్టం. ఆ ఇష్టాన్ని ఇవాళ బయటపెట్టకూడదని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లున్నాయి. అక్తర్ ప్రతిదాని ముందూ బండిని వంకరగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ బతిమాలి దాటించాడు. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. పాలకుర్తి దాటాక రషీదా బేగంకు ఒక చప్పుడు వినబడింది. లావు చప్పుడు వెనకాల, సన్నగా, కుక్కర్‌కు ఆవిరి తన్నుకొచ్చే ముందు వచ్చేలాంటి ఈల.

చెప్పాలా అనుకుంది. మళ్లీ, నేనెందుకు చెప్పాలి అనుకుంది. రోడ్డవతల పోయే బండికి సైలెన్సర్లో సూదిమొనంత చిల్లు ఉన్నా షెడ్డులోంచి పట్టేసే మనిషి. తన చేతిపనిలో ఈల ఆయనకు వినబడదా? వినబడే ఉంటుంది, ఇంటికెళ్లాక సరిచేస్తాడులే అనుకుని ఊరుకుంది.

"బంగారం లెక్కుంది," అన్నాడు అక్తర్ తనలో తాను.

ఆమె అతని వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

తిరుపతి ఇల్లు వెతకడం కష్టం కాలేదు. పసుపు కారు వెంట సగం పెద్దవంగర నడిచి వచ్చి చూపించింది. ఇంటి ముందు వడ్ల రాశి, దాని మీద నీలం పట్టా. పట్టా గాలికి లేవకుండా నాలుగు మూలల్లో మూడింటి మీద బండరాళ్లున్నాయి. నాలుగో మూలలో, ఎండకు మెరుస్తూ, జగపతి కారు సైలెన్సర్ ఉంది.

అక్తర్ దాని పక్కన గొంతుకూర్చున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. చొట్ట లేదు, కోత లేదు. దాని మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

"అక్కా, నువ్వా!" తిరుపతి బయటికి వచ్చాడు. వెనకే మంజుల, నడుం మీద చెయ్యి పెట్టుకుని. "కొట్టుకు అమ్ముదామనే ఉంటి. గీమె గాదు, మెరుస్తున్నది, ఉంచుకుందామన్నది."

"తప్పయింది తిరుపతీ. అది మాది గాదు," అంది రషీదా బేగం. "కొన్ని వండినం. మిగిలినయి తెచ్చిన. వండినయి గూడ బజార్ల కొనిస్త."

"ఉల్లిగడ్డలు వాపస్ ఇచ్చుడేందక్కా!" మంజుల పకపకా నవ్వింది. "వండుకున్నయి వండుకున్నరు. ఇంతకు కూర మంచిగైందా?"

"మూడు దినాలు చేసిన. మీ అన్నను అడుగు."

అక్తర్ తల వంచుకున్నాడు. తిరుపతి సైలెన్సర్ లేపి గోనెసంచిలో పెడుతూ మామూలుగా అన్నాడు.

"నీ తప్పేముందక్కా? నువ్వు అడిగినవు గద. గోడకున్నది ఇచ్చెయ్యాల్నా అంటివి. అన్న గట్ల పని చేసుకుంటనే 'ఆఁ, ఆఁ' అనె. నేను ఆడ్నే ఉంటి."

మాట అనేసి సంచి మూతి కట్టసాగాడు.

రషీదా బేగం ఈ క్షణం కోసం మూడు రోజులు కాచుకుని ఉంది. ఏమనాలో కూడా ఉల్లిగడ్డలు తరుగుతూ తయారుచేసి పెట్టుకుంది. ఇప్పుడు విన్నవా, ఎవరిది అబద్ధం, అని మొదలుపెట్టాలి. భర్త వైపు తిరిగింది.

అక్తర్ ముఖంలో దొరికిపోయిన వాడి సిగ్గు లేదు. అబద్ధమాడిన వాడి తెలివి లేదు. భయం ఉంది. ఇరవై ఆరేళ్లలో ఆ ముఖంలో ఆమె అది చూసింది ఒక్కసారే, సనా పుట్టినప్పుడు దవాఖాన వరండాలో.

తయారుచేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, తిరుపతి చేతిలోంచి గోనెసంచి అందుకుంది.

తిరుగు ప్రయాణంలో సైలెన్సర్ రషీదా బేగం ఒళ్లో కూర్చుంది. ఆ కారు డిక్కీలో దానికి జాగా చాలలేదు. మంజుల పట్టుబట్టి ఉల్లిగడ్డల సంచిలోకి పెరటి బీరకాయలు కూడా వేసి వెనక్కి ఇచ్చింది. అది కాళ్ల దగ్గర ఉంది.

దారి పొడుగునా మాట్లాడింది ఈల ఒక్కటే. వేడెక్కే కొద్దీ పెరిగింది.

"ఈ ఈల ఏంది?" అంది ఆమె చివరికి.

"ఆఁ," అన్నాడు అక్తర్.

"ఈల అంటున్న. సన్నగ వస్తున్నది. వెల్డింగ్ల ఏడ్నో సందు ఉన్నట్టున్నది."

"ఆఁ, ఆఁ. పోదాం. జెప్పన పోదాం."

ఆమె అతని వైపు తిరిగింది. అతని కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. కోపం లేదు, బెట్టు లేదు. మామూలుగా బండి నడుపుకుంటున్న మనిషి ముఖం అది. ఆమె అతనికి ఎడమ పక్కన కూర్చుంది. పది రోజుల కింద తమ గుమ్మంలో చాయ్ తాగుతూ జగపతి చెప్పిన 'అన్నిటికి ఆఁ' మాట ఆమెకు గుర్తుకొచ్చింది.

ముందు వాగు మీద వంతెన కనబడింది. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"గీ సైలెన్సర్ను వాగుల పడేస్తున్న."

"ఆఁ," అన్నాడు అక్తర్. "మంచిది."

ఆమెకు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు సగంలో ఆగిపోయింది.

చాయ్ తాగుతారా అని ఆ సాయంత్రం ఆమె ఈ గొంతుతోనే అడిగింది. వెనక నుంచి, ఈ ఎడమ పక్క నుంచే. అది చల్లారిపోవడం చూసి రెండు రాత్రులు ఏడ్చింది. ఆయన బెట్టు చేయలేదు. ఆయనకు ఆ చాయ్ సంగతే తెలియదు.

వంతెన దాటాక అతని చేతి మీద చెయ్యి వేసింది. అక్తర్ ఉలిక్కిపడి బండి పక్కకు తీసి ఆపాడు.

"ఏమైంది?"

ఎప్పట్నుంచని ఆమె దక్కనీలో అడిగింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి. "కబ్ సే?"

అక్తర్ ఆమె పెదవుల వైపు చూశాడు. అర్థం కానట్టు ముఖం పెట్టబోయాడు. ఆ ముఖం నిలబడలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, రోడ్డు పక్క వడ్లు తిరగేస్తున్న వాళ్లను చూస్తూ కూర్చున్నాడు.

"ఎడమది పోయి రెండేండ్లయింది," అన్నాడు. "కుడిది లావు సప్పుడు పడ్తది. సన్నటిది పడ్తలేదు. ఇనుము కోసే గ్రైండర్ పెట్టిందంత ఎడమ పక్కనే గద."

"స్క్రూడ్రైవర్ చెవెనక పెట్టుకునేది...?"

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను గొట్టానికి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి అక్తర్ కళ్లు మూసుకుంటాడు. ఉస్తాద్ అందాజు అంటారు గిరాకీలు. దాన్ని ఫోన్లలో వీడియో తీసుకుపోయే వాళ్లున్నారు.

"ఎముకలకెళ్లి కొంచెం లోపలికొస్తది. మిగిలింది అరచెయ్యితోని చూస్త. గదీ తెల్వకుంటె గిరాకీ మొఖం చూస్త. మొఖం విచ్చుకుంటె ఆడ్నే ఆపేస్త." గొంతు సవరించుకున్నాడు. "జగపతన్న మొఖం చూస్తె ఏం లాభం? ఆయనక్కూడ ఇనవడదాయె."

రషీదా బేగంకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఒకరికి వినబడని బండిని ఇంకొకరు వినకుండా చేశారు.

"నాకెందుకు చెప్పలేదు?" ఆమె అతనికి కనబడేలా ముందుకు వంగి అడిగింది.

"చెప్తె నువ్వు దవాఖానకు తీసుకపోతవు. ఆళ్లు చెవిల మిషన్ పెట్టుకోమంటరు. మిషన్ పెట్టుకున్నోని కాడికి సప్పుడు కోసమని ఎవడొస్తడు, రషీదా?"

ఆమె ఒళ్లోని సైలెన్సర్ మీద మసి వేలితో తుడిచింది.

"నువ్వు అడిగినవు," అన్నాడు అక్తర్. "నేనే ఆఁ అన్నట్టున్న. నాకు యాది లేదు. ఈ మధ్యన అందరికి అట్లనే అంటున్న. నిన్ను పట్టుకుని నలుగుట్ల అబద్ధమాడుతున్నవంటి." అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆ మాట కోసం ఆమె మూడు రోజులు ఎదురుచూసింది. ఇప్పుడు వచ్చాక దాన్ని గెలుపనుకోవడానికి మనసొప్పలేదు. ఒళ్లో సైలెన్సర్ బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి. దాని మీదుగానే చెయ్యి చాచి, అతని ఎడమ చెవిని కొసతో పట్టుకుని, చిన్నప్పుడు సనాకు చేసినట్టు మెల్లగా లాగింది.

"ఉల్లిగడ్డ కూర ఇంక చెయ్యను," అంది.

"ఏంది?"

"కూర చెయ్యనంటున్న!"

"ఇవ్వాల్టిది మంచిగనే ఉండె," అన్నాడు అక్తర్, కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడే గేరు పక్కన ఫోను మోగింది. అక్తర్‌కు మోత వినబడలేదు, వెలుగు కనబడింది. పేరు చూసి ముఖం మారింది. జగపతి. ఫోను తీసి చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత దాన్ని భార్యకు ఇచ్చాడు. అలా ఇవ్వడం ఇదే మొదటిసారి.

"అక్తర్ భాయ్!" జగపతి కేక ఫోను దాటి కారంతా నిండింది.

"నేను అన్నా, రషీదాను!" ఆమె కూడా కేకే వేయాల్సి వచ్చింది.

"చెల్లె! రేపు పొద్దుగాలనే బయల్దేరుతున్న. సప్పుడు ఎట్లుంది?"

ఆమె భర్త వైపు చూసింది. అతను ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. గిరాకీల ముఖం చూసేది ఇలాగేనేమో అనిపించింది ఆమెకు.

బాగుంది అంటే రేపటితో అయిపోతుంది. జగపతికి ఆ ఈల ఎప్పటికీ తెలియదు. అక్తర్ మాట నిలబడుతుంది, పేరు నిలబడుతుంది.

"రేపు రావద్దన్నా!" అంది. "బండి నేను ఇంక పూరాగ ఇనలే. నేను ఇన్నంకనే ఇస్తం. ఎల్లుండి రా!"

"నువ్వినుడేంది చెల్లె?"

"సన్నటి ఈల వస్తున్నదన్నా! వెల్డింగ్ల సందు ఉన్నది!"

"ఈలనే గద!" జగపతి పెద్దగా నవ్వాడు. "నాకు ఇనవడేది ఉన్నదా? ఉండనియ్యి!"

"మనోరమక్కకు ఇనవడ్తది గద!"

అవతల నవ్వు ఆగింది. అక్తర్ కళ్లు దించుకున్నాడు. పెదవి చివర మాత్రం చిన్నగా కదిలింది. బాగా చెప్పావన్నట్టు తల ఊపాడు.

"గది నిజమే," అన్నాడు జగపతి కాసేపటికి. తర్వాత గొంతు మారింది. అంత పెద్ద గొంతు మనిషి ఎవరైనా వింటారేమో అన్నట్టు తగ్గించి మాట్లాడాడు. "చెల్లె, పొద్దుగాల ఫోన్ల అక్తర్ భాయ్ ఏమన్నడో ఎరుకేనా? ఉన్న సందులన్ని పూడ్చిన, ఈల గీల ఏం లేదన్నడు. గంత పెద్ద ఉస్తాద్‌కు ఇనవడలేదా?"

రషీదా బేగం ఫోనును చెవికి గట్టిగా నొక్కుకుంది.

"నేను గనిల పదేండ్లు దాపెట్టిన," అన్నాడు జగపతి. "మనోరమకు గూడ చెప్పలే. అందుకే అడుగుతున్న, ఏమనుకోకు. మీ ఇంట్ల గూడ 'ఆఁ' మొదలైందా?"

రోడ్డు మీద వడ్ల ట్రాక్టరు ఒకటి చప్పుడు చేసుకుంటూ వెళ్లింది. అది దూరమయ్యే దాకా ఆమె ఆగింది. లేదు అనడానికి నోరు తెరిచింది. తాను అబద్ధమాడలేదని మూడు రోజులు పోట్లాడిన నోరది.

"ఆఁ, అన్నా," అంది గట్టిగానే.

ఫోను సైలెన్సర్ మీద పెట్టింది. అక్తర్ ఆమెనే చూస్తున్నాడు. జగపతి అడిగింది అతనికి వినబడలేదు. ఆమె అన్నది మాత్రం వినబడింది.

"దేనికి ఆఁ అన్నవు?" అని అడిగాడు.